సగం సెకను

మడికొండ ఐటీ పార్కు, రెండో అంతస్తు.
ఏసీ నీళ్లు కారే బకెట్ పక్కన నా కుర్చీ.
నా పని, ఇంకా ఎవ్వరూ అడగని ప్రశ్నలకు
జవాబులు రాసిపెట్టుడు.

"నమస్కారం ____ గారూ.
ఈరోజు ఎనుమాముల మార్కెట్‌లో ____ రకం మిర్చి
జెండా పాట క్వింటాలుకు ____ రూపాయలు."

గీత గీసిన కాడల్లా ఎవరో ఒకరు వచ్చి కూసుంటరు.
మొదటి గీతల ఎడ్ల మొగిలి,
రెండో గీతల తేజ,
మూడో గీతల మొగిలి ఏడాదంతా.

జెండా పాట అంటే ఏందో
ఈ ఆఫీసుల నాకొక్కనికే తెలుసు.
మా నాయిన ఆ యార్డుల పదేండ్లు బస్తాలు మోసిండు.
పొద్దుగాల ఒక్క కుప్పకు పాడే ధర అది.
మిగిలిన కుప్పలన్నీ దాన్ని దూరంకెల్లి సూసి
కిందికి దిగుతయి.
తాలు అంటరు, తేమ అంటరు, తొడిమె అంటరు.
అందుకే "గరిష్ఠంగా" అనే మాట చేర్చిన.
శ్రీహర్ష కొట్టేసిండు.
వాక్యం ఏడు సెకన్లు దాటొద్దట.

గొంతు నౌషీన్‌ది. మండిబజారు పిల్ల.
ఒకటి నుంచి వంద దాకా చదివింది,
ప్రతి అంకె రెండు తీర్ల,
వాక్యం నడుమ నడిచేది ఒకటి, చివర ఆగేది ఒకటి.
పద్దెనిమిది వేలన్నా అదే నవ్వు,
పదకొండు వేలన్నా అదే నవ్వు.
నవ్వుకుంట చదవమని మేమే చెప్పినం.
నాలుగోనాడు హెడ్‌ఫోన్ తీసి అడిగింది:
"అన్నా, ధర పడ్డనాడు గూడ ఈమె గిట్లనే నవ్వుతదా?"
ఈమె అన్నది, తన గొంతునే.

మల్ల రికార్డు చేసేందుకు పైసలు లేవు.
నా దగ్గర ఖర్చు లేని సరుకు ఒక్కటే ఉండె.
ధర నిన్నటికంటే తక్కువైతే
అంకెకు ముందు సగం సెకను మౌనం పెట్టిన.
చెడ్డ కబురు చెప్పేటోళ్లు
గుటక మింగుతరు సూడు, గంత.

పదిరోజులకు లాగ్స్ తెరిచిన.
పొద్దున ఐదు నలభై. పరకాల దిక్కు నంబరు.
ముసలి గొంతో, జలుబు పట్టిన గొంతో.
"చపాటా రకం మిర్చి జెండా పాట క్వింటాలుకు"
ఆ సందుల ఆ గొంతు దూరింది:
"సెప్పు బిడ్డా."

మిషను విన్నది.
దాని లెక్కల అది కొత్త ప్రశ్న.
"క్షమించండి, మీ మాట నాకు అర్థం కాలేదు.
దయచేసి మళ్లీ చెప్పండి."
మల్ల మొదటికెల్లి. మల్ల సగం సెకను.
మల్ల "ఏం గాదు, సెప్పు బిడ్డా."
నాలుగు సార్లు.
ఐదోసారి ఫోన్ పెట్టేసిన చప్పుడు.
ధర మాత్రం వినలే.

ఆ క్షమాపణ కూడా నేను రాసిందే.
దానికి అప్పుడు శ్రీహర్ష శభాష్ అన్నడు.

ఇప్పుడేమో టికెట్ పెట్టిండు:
"అనవసర జాప్యం. తొలగించాలి."
సక్కటి మాటే. రెండు నిమిషాల పని.
మెట్టుగుట్ట మీద లైట్లు వెలిగేదాక
ఆ రెండు నిమిషాలు నాకు దొరకలే.

ఆఖరికి ఇంకో టెంప్లేట్ రాసిన.
దాంట్ల గీతలు లేవు. పేరు లేదు, గారు లేదు.
అవ్వా అని రాసి కొట్టేసిన,
తాతా అని రాసి కొట్టేసిన.
నౌషీన్ తన ఫోన్లనే, మెట్ల కింద,
స్కూటీల మోత సద్దుమణిగినంక
ఒక్కసారి పలికింది, నవ్వకుండ:

"చెప్తున్న."

పరకాల నంబరు మల్ల రాలే.
టెస్టింగ్ అని చెప్పి
అప్పుడప్పుడు నేనే ఫోన్ చేస్త,
ధర పడ్డ పొద్దులు సూసి.
ఆ సందు రాంగనే
ఎవరికీ వినవడకుండ అంట,
ఏం గాదు, సెప్పు బిడ్డా.